రంగునకు ముందు చెక్కను సిద్ధపరచుట

మనము ఏ రాష్ట్రమున నివసించుచున్నను, మన ఇండ్ల బొమ్మల కొలువులలో కొండపల్లి బొమ్మలు కానవచ్చుచుండును. వానిని చేయువారు తెల్లపొణికి కఱ్ఱను ఆరబెట్టి చెక్కుదురు. చింతగింజల పిండిలో ఱంపపు పొట్టు కలిపిన మక్కుతో భాగములను అతికి, ముందు సున్నపు పూత పూసి, పిదపనే రంగులు దిద్దుదురు. రంగునకు ముందు చెక్క దాహము తీర్చవలెనను సూత్రము ఇందు ఇమిడియున్నది.

మేము ఈ సూత్రమును మరచి నష్టపడితిమి. పిల్లల చదువునకై మామిడి చెక్కతో ఒక బల్ల చేయించి, తొందరపడి నేరుగా రంగు పూసితిమి. మరునాటికి బల్ల నిండ మచ్చలు, అంచులు నల్లబడెను. మరల చిత్రిక పట్టింపవలసి వచ్చెను.

కారణమేమన, చెక్క సన్నని నాళముల కట్ట. మెత్తని చోట రంగును ఎక్కువగాను, గట్టి చోట తక్కువగాను పీల్చును. కోసిన కొనలయందు నాళముల నోళ్లు తెరచియుండును గనుక అవి మరింత త్రాగును.

చేయవలసిన క్రమమిది. మొదట చెక్క రేఖల వెంబడి, ముతక గరుకు కాగితముతోను, తరువాత సన్నదానితోను రుద్దవలయును. అడ్డముగా రుద్దిన గీతలు రంగు పడగానే బయటపడును. తడిగుడ్డతో తుడిచి, ఆరిన పిదప లేచిన నూగును మరల రుద్దవలయును. అటుపిమ్మట 1 లీటరు స్పిరిటులో సుమారు 60 గ్రాముల మైనము తీసిన లక్కను కరగించి, పలుచగా ఒక పూత పూయవలయును. అది ఆరిన తరువాత తేలికగా రుద్ది, నూనెతో కలిపిన రంగును గుడ్డతో అద్ది, మిగులును తుడిచివేయవలయును. స్పిరిటులో కరగిన రంగు పనికిరాదు. అది క్రింది లక్కను కరగించును. రంగు పూర్తిగా ఆరినపుడు మరియొక లక్క పూత, దానిపై వార్నిషు. అన్నిటికంటె ముందు ఇదే చెక్క ముక్కపై పరీక్షించుట మేలు.

తల్లిదండ్రులకు ముఖ్యమైన మనవి. స్పిరిటు విషము; త్వరగా మండును. దానిని త్రాగునీటి సీసాలలో ఎన్నడును పోయరాదు. పొయ్యి దగ్గర ఉంచరాదు. నూనె రంగు తుడిచిన గుడ్డలను ఉండచుట్టి పడవేసిన, తమంతట తామే వేడెక్కి అంటుకొనవచ్చును. వానిని ఆరుబయట విడివిడిగా పరచి ఆరవేయవలయును.

టేకు కొనలేని ఇంటను మామిడి బల్ల ఏండ్ల తరబడి నిలుచును. దానికి కావలసినది అధిక ధనము కాదు; రంగునకు ముందు రెండు దినముల ఓపిక.