నిచ్చెన ఎక్కే ముందే లెక్క

భీమవరం వైపు చెరువుల మధ్య నేను పెట్టిన తొలి లింకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. రొయ్యల చెరువు గట్టు మీద కాపలా గది, దాని పైన ఒక రేడియో. అయిదు కిలోమీటర్ల అవతల ఊళ్లో రైతు డాబా మీద ఇంకొకటి. చెరువు దగ్గరి కెమెరాలు ఆయన ఇంట్లో టీవీలో కనిపించాలి, అదీ పని. పైపు పట్టుకుని యాంటెన్నా అటూ ఇటూ తిప్పాను. సిగ్నల్ బలం మైనస్ 79 డీబీఎం దగ్గర లింకు కలిసింది. బోల్టులు బిగించి దిగిపోయాను. ఆ రాత్రే ఫోన్ వచ్చింది, బొమ్మ కదలడం లేదని.

మర్నాడు మా సీనియర్ వచ్చారు. యాంటెన్నా వంక చూడనైనా లేదు.

"ఎంత వచ్చింది?"

"మైనస్ 79 అండీ."

"ఎంత రావాలో లెక్కేశావా?"

నా దగ్గర జవాబు లేదు. కేబుల్ డబ్బా అట్ట చింపి దాని వెనక ఆయనే రాశారు. రేడియో బయటికి పంపే శక్తి 13 డీబీఎం. యాంటెన్నా దానికి కలిపే బలం 23. మొత్తం 36. 5.8 గిగాహెర్ట్జ్ తరంగం అయిదు కిలోమీటర్లు గాలిలో వెళ్లేసరికి పోగొట్టుకునేది సుమారు 122. అవతలి యాంటెన్నా మళ్లీ కలిపేది 23. ముప్పై ఆరులో 122 తీసేసి 23 కలిపితే మైనస్ 63. మాకు వచ్చినది అంతకన్నా 16 డెసిబెల్స్ తక్కువ. అంటే రావాల్సిన శక్తిలో నలభయ్యో వంతు మాత్రమే అందుతోంది.

టార్చిలైటు గోడ మీద వేసి చూడండి. నడుమ గట్టి వెలుగు, చుట్టూ పలుచని వలయాలు కనిపిస్తాయి. యాంటెన్నా కూడా అంతే. నేను నడిమి వెలుగును దాటేసి పక్క వలయాన్ని పట్టుకుని, అదే శిఖరమనుకున్నాను. మళ్లీ ఎక్కి, ఈసారి ఒక కొస నుంచి ఇంకో కొస దాకా మెల్లగా తిప్పుతూ ప్రతి అంకెనూ రాసుకున్నాను. ఎడమవైపు కొంచెం దూరంలో మైనస్ 64 దొరికింది. ఆ కెమెరాలు ఆ తర్వాత ఆగలేదు.

ఈ వృత్తిలోకి రావాలనుకునే పిల్లలకు నేను ముందుగా చెప్పేది ఈ సంగతే. నిచ్చెన ఎక్కగలవాళ్లు మన ఊళ్లలో చాలామంది ఉన్నారు. ల్యాప్‌టాప్‌లో ఐపీ అడ్రసులు నింపగలవాళ్లూ ఉన్నారు. రావాల్సిన అంకె ఎంతో ఎక్కకముందే తెలిసి, అది వచ్చేదాకా దిగనివాళ్లు మాత్రం కొద్దిమందే. హెల్పరుగా మిగిలిపోవడానికీ ఇంజినీరుగా ఎదగడానికీ తేడా నేను చూసినంతవరకు అక్కడే ఉంది.

పని ఎక్కడ ఉంది?

ఫైబర్ ఊరూరా వస్తోంది కదా, ఇక వైర్‌లెస్ ఎవరికి కావాలని అడుగుతారు. ఫైబర్ వేయలేని చోటు ఎప్పుడూ ఉంటుంది. పాడేరు, చింతపల్లి కొండల్లో ఒక గూడెం కోసం లోయ దాటించి తీగ లాగడం ఎంత ఖర్చో ఆలోచించండి. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ వచ్చినప్పుడు ఉత్తరాంధ్రలో స్తంభాలు కూలి తీగలు తెగిపోవడం చూసినవాళ్లకు గాలిలో నడిచే లింకు విలువ చెప్పనక్కర్లేదు. చేపల చెరువులు, ఓపెన్‌కాస్ట్ గనులు, కట్టడాల సైట్లు, ట్రాఫిక్ కెమెరాలు, రెండు భవనాల్లో నడిచే కాలేజీలు... వీటన్నిటికీ రేడియో లింకులు పడుతున్నాయి.

చట్టం కూడా కలిసొచ్చింది. 2018 అక్టోబరులో కేంద్రం 5 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో 605 మెగాహెర్ట్జ్ మేర స్పెక్ట్రమ్‌ను లైసెన్సు అవసరం లేకుండా తెరిచింది. హద్దులు మాత్రం ఉన్నాయి. 5.8 దగ్గర యాంటెన్నా బలంతో కలిపి బయటికి వెళ్లే శక్తి 36 డీబీఎం, అంటే నాలుగు వాట్లు దాటకూడదు. పరికరానికి కేంద్ర టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం ఆమోదం ఉండాలి. మా సీనియర్ లెక్క 36 దగ్గర ఆగింది ఇందుకే. రేడియోలో దేశం పేరు మార్చి శక్తి పెంచేవాళ్లను మీరు చూస్తారు. అది నేరం, పైగా చుట్టుపక్కల వాళ్లందరి లింకులనూ పాడుచేస్తుంది.

ఇంకోవైపు 5జీ వచ్చింది. 2023 సెప్టెంబరులో జియో ఎయిర్‌ఫైబర్ మొదలైన ఎనిమిది నగరాల్లో హైదరాబాద్ ఒకటి. ఎయిర్‌టెల్ అంతకు నెల ముందే ఢిల్లీ, ముంబయిలలో మొదలుపెట్టింది. ఇప్పుడు డాబాల మీద తెల్లటి పెట్టెలు కనిపిస్తున్నాయే, వాటిని బిగించే కుర్రాళ్లే ఈ రంగంలో అందరికన్నా కొత్త తరం. ఆ పని తేలికగా కనిపిస్తుంది. పెట్టె బిగించాలి, ఫోన్‌లోని యాప్ చెప్పిన వైపు తిప్పాలి, అంతేనా? కాదు. యాప్‌లో ఆర్‌ఎస్‌ఆర్‌పీ అని సిగ్నల్ బలం, ఎస్‌ఐఎన్‌ఆర్ అని దాని శుభ్రత కనిపిస్తాయి. బలం మైనస్ 80 ఉండి శుభ్రత 5 ఉన్న టవరు కన్నా, బలం మైనస్ 90 ఉన్నా శుభ్రత 20 ఉన్న టవరే మామూలుగా మంచి వేగం ఇస్తుంది. సంతలో పెద్దగా అరిచేవాడి మాట కన్నా గుళ్లో మెల్లగా మాట్లాడేవాడి మాట బాగా వినిపించినట్టు. ఇది తెలిసినవాడి ఇన్‌స్టలేషన్‌కు రెండోసారి కంప్లయింటు రాదు.

కంటికి కనిపిస్తే చాలదు

సర్వే గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, పొరపాట్లు ఎక్కువగా పుట్టేది అక్కడే గనక. అవతలి డాబా కనిపించింది గనక లైన్ ఆఫ్ సైట్ ఉందనుకుంటారు. రేడియో తరంగం తాడులా సన్నగా వెళ్లదు, నడుమ ఉబ్బిన దోసకాయలా వెళ్తుంది. దాన్నే ఫ్రెనెల్ జోన్ అంటారు. అయిదు కిలోమీటర్ల లింకులో 5.8 గిగాహెర్ట్జ్ దగ్గర ఆ దోసకాయ నడుమ వ్యాసార్ధం సుమారు 8 మీటర్లు. అందులో కనీసం అరవై శాతం, అంటే దాదాపు 5 మీటర్లు చుట్టూ ఖాళీగా ఉండాలి. కోనసీమలో ఇది పెద్ద పరీక్ష. కొబ్బరి ఆకుల సందుల్లోంచి అవతలి పైపు చక్కగా కనిపిస్తుంది. వేసవిలో లింకు నడుస్తుంది. శ్రావణంలో ఆకులు తడిసి, గాలికి ఊగడం మొదలయ్యాక పడుతూ లేస్తూ ఉంటుంది. చెట్టు ఏటా పెరుగుతుంది కూడా. అందుకే సర్వే చేసేటప్పుడు ఈరోజు చెట్టును కాదు, మూడేళ్ల తర్వాతి చెట్టును కొలవండి.

చెరువులది ఇంకో తీరు. నిశ్చలమైన నీరు రేడియోకు అద్దం. నేరుగా వచ్చిన తరంగం, నీటి మీద పడి వచ్చిన తరంగం అవతల కలుసుకుని ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. పొద్దున బాగున్న సిగ్నల్ సాయంత్రానికి పడిపోతే నేను ముందు నీటినే అనుమానిస్తాను. ఒకవైపు యాంటెన్నాను పైపు మీద మీటరు కిందికో పైకో జరిపి చూస్తే చాలాసార్లు దారికి వస్తుంది. లేదా గట్టు, కట్టడం లాంటిదేదైనా నీటి మీది తరంగానికి అడ్డొచ్చేలా చోటు మార్చుకోవాలి.

దూరం, ఎత్తుపల్లాలు గూగుల్ ఎర్త్‌లో ఇంట్లోనే చూసుకోవచ్చు. కేంబియం కంపెనీ లింక్‌ప్లానర్ అనే సాఫ్ట్‌వేర్‌ను ఉచితంగా ఇస్తుంది. నేర్చుకునే రోజుల్లో మాత్రం లెక్క చేత్తో వేయండి. దూరం రెట్టింపయితే 6 డెసిబెల్స్ పోతాయన్న ఒక్క సూత్రం నోటికొస్తే, డాబా మీద నిలబడే సగం సమస్యలు తేలిపోతాయి.

కింద చేయాల్సినదీ, పైన చేయాల్సినదీ

కాన్ఫిగరేషన్ అంతా నేల మీదే, బల్ల మీదే పూర్తి కావాలి. రెండు రేడియోలనూ పక్కపక్కన పెట్టి, ఫర్మ్‌వేర్ కొత్తది వేసి, దేశం ఇండియా అని పెట్టి, ఒకదాన్ని యాక్సెస్ పాయింట్‌గా, రెండోదాన్ని స్టేషన్‌గా మార్చి, శక్తి బాగా తగ్గించి అవి కలిశాయో లేదో చూసుకోవాలి. ఫ్యాక్టరీ పాస్‌వర్డు అక్కడే మార్చేయండి. యుబిక్విటీ రేడియోలు చాలావరకు 192.168.1.20తో, మైక్రోటిక్‌వి 192.168.88.1తో వస్తాయి. ల్యాప్‌టాప్‌కు అదే వరసలో ఐపీ ఇచ్చుకోవడం రాక పైపు మీద కూర్చుని ఫోన్లు చేసేవాళ్లను చూశాను. ఎండలో, ఎత్తులో బుర్ర సగమే పనిచేస్తుంది. ఆలోచించే పని పైకి తీసుకెళ్లకండి.

పైకి వెళ్లాక చేయాల్సిన ఆలోచన ఒక్కటే, స్పెక్ట్రమ్ స్కాన్ చూసి ఖాళీ ఛానెల్ ఎంచుకోవడం. ఛానెల్ వెడల్పు 80 మెగాహెర్ట్జ్ పెడితే వేగం ఎక్కువ చూపిస్తుంది. కానీ వెడల్పు రెట్టింపయిన ప్రతిసారీ లోపలికొచ్చే గోల కూడా 3 డెసిబెల్స్ పెరుగుతుంది. హైదరాబాద్ కాలనీల్లో, ప్రతి డాబా మీదా ఒక రేడియో ఉన్న చోట, 20 లేదా 40తోనే లింకు నిలుస్తుంది.

కేబుల్ దగ్గర పిసినారితనం వద్దు. ఇంట్లో వాడే తీగ ఎండకు రెండేళ్లలో పెళుసైపోతుంది. బయట వాడేందుకు చేసిన నల్లటి షీల్డెడ్ కేబులే వాడాలి. రేడియో నుంచి స్విచ్చి దాకా 100 మీటర్లు దాటకూడదు. రెండు కొసల్లోనూ ఒకే వరస: తెల్ల నారింజ, నారింజ, తెల్ల ఆకుపచ్చ, నీలం, తెల్ల నీలం, ఆకుపచ్చ, తెల్ల గోధుమ, గోధుమ. రేడియో కిందికి కేబుల్‌ను ఒక వంపు తిప్పి వదిలితే వాన నీరు కనెక్టరులోకి పోకుండా ఆ వంపు దగ్గర కారిపోతుంది. పవర్ పెట్టె మీద 24 వోల్టులా 48 వోల్టులా అన్నది చదివాకే ప్లగ్గు పెట్టండి. 24 వోల్టుల రేడియోకు 48 ఇస్తే అది అక్కడికక్కడే పోవచ్చు. కోతులు తిరిగే ఊళ్లలో కేబుల్‌ను పైపులో దూర్చి తీయండి. సముద్రం దగ్గర మామూలు ఇనుప క్లాంపులు త్వరగా తుప్పు పడతాయి, స్టెయిన్‌లెస్ స్టీలు అడగండి.

ఇక ఎత్తు. ఇక్కడ నాకు రాజీ లేదు. ఒంటి నిండా బిగించే హార్నెస్, రెండు కొక్కేల తాళ్లు ఉండాలి. ఒక కొక్కెం తీసేటప్పుడు రెండోది ఎప్పుడూ తగిలించే ఉండాలి. హార్నెస్ మీద ఐఎస్ 3521 గుర్తు చూసుకోండి. డాబా పక్కనుంచి 11 కేవీ తీగ వెళ్తుంటే పొడవాటి పైపు ఒంటరిగా ఎత్తకండి. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం మబ్బు పట్టిందంటే పని ఆపి దిగిపోవడమే. పుణెలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం తయారుచేసిన దామిని యాప్ దగ్గర్లో పడే పిడుగుల గురించి ముందే చెబుతుంది, ఫోన్‌లో ఉంచుకోండి. పైపుకు ఎర్తింగ్, కేబుల్‌కు సర్జ్ ప్రొటెక్టర్ లేకుండా లింకు అప్పగించకండి. రేడియో కాలిపోతే ఇంకోటి కొనుక్కోవచ్చు, పిడుగు ఆ కేబుల్ వెంట ఇంట్లోకి దిగితే పోయేది రేడియో ఒక్కటే కాదు.

ఏం చదవాలి?

పదో తరగతి తర్వాత ఐటీఐలో ఎలక్ట్రానిక్స్ మెకానిక్, లేదా పాలిసెట్ రాసి ఈసీఈ డిప్లొమా చేస్తే మంచి పునాది పడుతుంది. డిప్లొమా వాళ్లకు ఈసెట్ ద్వారా బీటెక్ రెండో ఏడాదిలోకి దారి ఉంది. బీటెక్ ఈసీఈ చేసినవాళ్లు యాంటెన్నా సబ్జెక్టును పరీక్ష కోసం చదివి వదిలేస్తారు. పైన వేసిన లెక్క మీ పుస్తకంలో ఫ్రిస్ సమీకరణం పేరుతో ఉంది, తీసి చూడండి. ఏ చదువుతో వచ్చినా ఒక ఏడాది అప్రెంటిస్‌షిప్ చేయండి. టెలికాం సెక్టార్ స్కిల్ కౌన్సిల్ కోర్సుల్లో బ్రాడ్‌బ్యాండ్ టెక్నీషియన్, టవర్ టెక్నీషియన్ లాంటివి మొదటి ఉద్యోగానికి ఉపయోగపడతాయి. ఆ తర్వాత మైక్రోటిక్ వారి ఎంటీసీఎన్‌ఏ, దానిపైన వైర్‌లెస్ కోసం ఎంటీసీడబ్ల్యూఈ ఉన్నాయి. నెట్‌వర్కు వైపు వెళ్లాలంటే సీసీఎన్‌ఏ. గల్ఫ్‌లో చమురు క్షేత్రాలు, పెద్ద నిర్మాణాల దగ్గర ఇవే రేడియోలు వాడతారు. అక్కడికి వెళ్లాలనుకునేవాళ్లకు ఈ సర్టిఫికెట్లతో పాటు ఎత్తులో పనిచేసే శిక్షణ పత్రం కూడా అవసరమవుతుంది.

అమ్మాయిలు ఈ రంగం తమది కాదనుకోనక్కర్లేదు. ప్లానింగ్, ఫ్రీక్వెన్సీ కేటాయింపు, నెట్‌వర్కు కంట్రోల్ రూము, ఇవన్నీ ఇదే విద్యతో నడిచే పనులు. ఎక్కాలనుకుంటే హార్నెస్ అందరికీ ఒకేలా పనిచేస్తుంది.

ఉద్యోగానికి వెళ్లినప్పుడు మూడు ప్రశ్నలు సిగ్గుపడకుండా అడగండి. జీతం నెలకా, ఇన్‌స్టలేషన్‌కు ఇంత అనా? హార్నెస్, ప్రమాద బీమా ఎవరిస్తారు? పెట్రోలు ఖర్చు ఎవరిది? ఇన్‌స్టలేషన్ లెక్కన డబ్బిచ్చే చోట తొందర పెరుగుతుంది, తొందరలోనే రెండో కొక్కెం తగిలించడం మరిచిపోతారు. బీమా, హార్నెస్ మాట దాటవేసేవాళ్ల దగ్గర ఒక్క రోజు కూడా చేరకండి.

డబ్బు పెట్టే ముందు ఈ పని మీకు నచ్చుతుందో లేదో చూసుకోవాలంటే, పాత రేడియోల జత ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో కొనండి, లేదా కేబుల్ ఆపరేటర్ దగ్గర రెండు రోజులకు అడిగి తెచ్చుకోండి. పిట్టగోడ ఉన్న మీ డాబా, కిలోమీటరు దూరంలో మీ స్నేహితుడి డాబా చాలు. ఒక నోటుపుస్తకంలో తేదీ, దూరం, యాంటెన్నా ఎత్తు, ఛానెల్ రాసి, వాటి కింద రావాల్సిన సిగ్నల్ లెక్క వేయండి. ఆ పక్కన ఒక గడి ఖాళీగా వదిలి, యాంటెన్నా తిప్పాక వచ్చిన అంకెను అందులో నింపండి. తేడా ఎందుకొచ్చిందో కింద ఒక వాక్యం రాయండి. అలాంటివి పది పేజీలు నిండాక, ఇంటర్వ్యూకి సర్టిఫికెట్లతో పాటు ఆ పుస్తకం కూడా తీసుకెళ్లండి.