చంకలో బిడ్డ, ముందు కొత్త దారి

ప్రతి నెలా 20వ తేదీన మా ఇంట్లో వంట మా అత్తయ్యది. 11వ తేదీన కూడా అంతే. ఆ రెండు రోజులూ పొద్దున తొమ్మిదికి కంప్యూటర్ ముందు కూర్చుంటే లేచేసరికి దీపాలు పెట్టే వేళవుతుంది. నెలనెలా రిటర్నులు వేసే వ్యాపారులకు జీఎస్టీఆర్‌-1 గడువు 11, జీఎస్టీఆర్‌-3బీ గడువు 20. మిగతా రోజుల్లో చాలావరకు నా పని సాయంత్రం నాలుగింటికి, బడి బస్సు వీధి మలుపు తిరిగేలోపే అయిపోతుంది. వాళ్ల తరఫున ఆ జీఎస్టీ రిటర్నులు వేసే ఈ పనిని నేను మనసుపడి ఎంచుకోలేదు. దీని నెల ఎలా నడుస్తుందో చూసి ఎంచుకున్నాను. మనసు తర్వాత కుదిరింది.

మా పాప 2016లో పుట్టింది. నాకప్పుడు 22 ఏళ్లు. బీకాం అవగానే హైదరాబాద్‌లో రాత్రి షిఫ్టులో అమెరికా ఆసుపత్రుల బిల్లులు చూసే ఉద్యోగంలో చేరాను. కడుపుతో ఉండగా ఏడో నెలలో మానేసి విజయవాడ వచ్చేశాను. పాపకు పది నెలలు వచ్చేసరికి చేతిలో డబ్బు ఆడటం మానేసింది. ఎవరిని కదిలించినా ఒకటే మాట: బ్యాంకు పరీక్షలు రాయమ్మా, అంతకంటే నెమ్మదైన ఉద్యోగం ఏముంది? గాజులు తాకట్టు పెట్టి కోచింగ్‌లో చేరాను. ఎనిమిది నెలలు పాపను ఒళ్లో పడుకోబెట్టుకుని రీజనింగ్ లెక్కలు చేశాను.

ఒకరోజు మా పై వాటాలో ఉండేవాళ్ల అమ్మాయి మెట్ల మీద కూర్చుని కనిపించింది. బ్యాంకులో ప్రొబేషనరీ ఆఫీసరు. పోస్టింగ్ వేరే రాష్ట్రంలో. ఏడాదిన్నర బాబు ఇక్కడ అమ్మమ్మ దగ్గర. పదిహేను రోజులకోసారి రైలెక్కి వస్తుంది. ఆ రోజు బాబు తనను చూసి కొత్త మనిషిని చూసినట్టు అమ్మమ్మ కొంగు చాటుకు వెళ్లాడట. ఆ ఉద్యోగంలో తప్పేమీ లేదు. ఆఫీసరుగా చేరితే దేశంలో ఎక్కడికైనా వెళ్లాల్సి ఉంటుందని అందరికీ తెలిసిందే. ఎనిమిది నెలల్లో నేను ఒక్కసారీ ఆ ప్రశ్న వేసుకోలేదు, అంతే. పరీక్ష గురించి అన్నీ అడిగాను. పాసయ్యాక మొదటి సోమవారం ఎక్కడ ఉంటానో అడగలేదు.

ఇరవై, ఇరవై అయిదేళ్ల వయసులో తల్లో తండ్రో అయి, పాత పని సరిపోక, కొత్త దారి వెతుక్కుంటున్నవాళ్లకు నేను చెప్పగలిగింది ఇదే. ఉద్యోగానికి పేరుంటుంది, జీతముంటుంది. దానికో రోజు కూడా ఉంటుంది. ఆ రోజు ఎన్నింటికి మొదలవుతుంది, మధ్యలో ఫోన్ ఎత్తే వీలుంటుందా, నెలలో బరువైన రోజులు ఏవి, ముందుగా తెలుస్తాయా, ఏడాదిలో ఊరు మారాల్సి వస్తుందా? పెళ్లికాని స్నేహితురాలికి ఇవి చిన్న సంగతులు. చంటిబిడ్డ తల్లికి ఉద్యోగమంటే ఇవే.

వీటికి జవాబు కోచింగ్ సెంటర్ కరపత్రంలో దొరకదు. ఆ పని చేస్తున్నవాళ్లను ముగ్గురిని పట్టుకోండి. వాళ్లలో కనీసం ఒకరికి అయిదేళ్లలోపు పిల్లలు ఉండాలి. ‘మీ ఉద్యోగం ఎలా ఉంది’ అని అడిగితే ‘బాగానే ఉంది’ అంటారు. అలా కాకుండా ‘పోయిన మంగళవారం ఏం చేశారు’ అని అడగండి. పిల్లాడికి జ్వరం వచ్చిన రోజు ఎవరు ఇంట్లో ఉన్నారు, చేరిన మొదటి రెండేళ్లు చేతికి ఎంత వచ్చింది, శిక్షణకు ఎంత ఖర్చయింది, అది ఎప్పటికి తీరింది? నేనడిగినప్పుడు చెప్పనన్నవాళ్లు ఒక్కరూ లేరు. తమ రోజు ఎలా గడుస్తుందో ఇంత శ్రద్ధగా అడిగేవాళ్లు ఎవరికీ తరచుగా దొరకరు.

రోజుతో పాటు సంవత్సరాలూ చూడాలి. టీచరు పోస్టు గురించి చెబుతాను, ఎందుకంటే సలహా కోసం నా దగ్గరికి వచ్చే చిన్న వయసు తల్లుల్లో ఎక్కువమంది దాని గురించే అడుగుతారు. బడి వేళలు, పిల్లలతో పాటు సెలవులు. రోజు నిజంగా అందంగా ఉంటుంది. అయితే ముందు శిక్షణ కావాలి: డీఈఎల్‌ఈడీ రెండేళ్లు, బీఈడీ కూడా రెండేళ్లు. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో బీఈడీ చదివినవాళ్లు ప్రాథమిక తరగతులు చెప్పే ఎస్జీటీ పోస్టులకు అర్హులు కారని తేలింది. కాబట్టి చిన్నపిల్లలకు చెప్పాలనుకుంటే కోర్సు ఎంచుకునేటప్పుడే జాగ్రత్తపడాలి. ఆ తర్వాత డీఎస్సీ, అంటే టీచర్ల నియామక నోటిఫికేషన్ కోసం ఎదురుచూడాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2018 డీఎస్సీ తర్వాత నియామకాల దాకా వెళ్లిన పెద్ద డీఎస్సీ 2025లో, 16,347 పోస్టులతో వచ్చింది. తెలంగాణలో 2017 తర్వాత 2024లో, 11,062 పోస్టులతో. 2018లో పుట్టిన బిడ్డ 2025 నాటికి రెండో తరగతిలో ఉంటుంది. ఆ ఏడేళ్లూ ప్రైవేటు బడి జీతంతో ఇల్లు నడుస్తుందా? నడుస్తుందంటే ధైర్యంగా చేరండి, అది గొప్ప వృత్తి. నడవదంటే చేతిలో ఇంకో పని పెట్టుకుని టీచరు అర్హత పరీక్ష టెట్ రాయండి.

తండ్రుల సంగతి ఎవరూ రాయరు. 23 ఏళ్లకు తండ్రయి, డిగ్రీ మధ్యలో ఆపేసి, బైక్ మీద పార్శిళ్లు చేరవేస్తూ, రోజుకు పన్నెండు గంటలు రోడ్డు మీదే ఉండే కుర్రాళ్లు మన ఊళ్లలో ఎంతమంది! ఐటీఐలో చేరడానికి గరిష్ఠ వయసు పరిమితి లేదన్న సంగతి వాళ్లలో చాలామందికి తెలియదు. ఎలక్ట్రీషియన్ ట్రేడ్ రెండేళ్లు. విద్యుత్ సంస్థల్లో లైన్‌మన్ పోస్టులకు వెళ్లే దారుల్లో అదొకటి. దానికీ ఒక రోజు ఉంది: గాలివాన వచ్చిన రాత్రి బిడ్డ పక్కన పడుకోవడం కుదరదు, స్తంభం ఎక్కాలి. ఇది భార్యాభర్తలిద్దరూ ముందే కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయం. రెండేళ్లు భర్త చదువుకుంటే భార్య సంపాదన మీద ఇల్లు నడవాలి, ఆ తర్వాతి రెండేళ్లు ఆమె వంతు. వంతులు మాటల్లో ఉంటే మరిచిపోతారు, తేదీ వేసి కాగితం మీద రాసుకోండి.

బిడ్డ వయసు పక్కన పెట్టి ఏ లెక్కా వేయకండి. మొదటి ఆరు నెలలు ఏ నిర్ణయమూ వద్దంటాను. నిద్రలేని మనిషికి పాత ఉద్యోగం ఉన్నదానికంటే చెడ్డగా, కొత్తది ఉన్నదానికంటే మంచిగా కనిపిస్తుంది. మూడేళ్లు నిండితే అంగన్‌వాడీలో పూర్వ ప్రాథమిక విద్య మొదలవుతుంది, పొద్దుటి పూట కొన్ని గంటలు మీ చేతికి వస్తాయి. బడిలో వేశాక ఇంకొన్ని. మూడేళ్ల కోర్సు బిడ్డకు రెండేళ్లు నిండాక మొదలుపెడితే చివరి ఏడాదికి వాడు బడికి వెళుతుంటాడు. అదే కోర్సు పాలు మానకముందే మొదలుపెడితే మొదటి ఏడాదే కుంగదీస్తుంది. తెలివితేటలు అవే, మనిషీ అదే. మొదలుపెట్టిన నెలే వేరు.

ఉద్యోగంలో ఉండగానే గర్భం వస్తే నాలా తొందరపడి రాజీనామా రాసివ్వకండి. పదిమంది, అంతకుమించి పనిచేసే సంస్థలో, ప్రసవానికి ముందు 12 నెలల్లో 80 రోజులు పనిచేసి ఉంటే మొదటి ఇద్దరు పిల్లలకు జీతంతో సెలవు మీ హక్కు. నా రోజుల్లో అది 12 వారాలు. 2017 చట్ట సవరణతో 26 వారాలైంది. 50 మంది, అంతకుమించి ఉన్నచోట శిశు సంరక్షణ కేంద్రం కూడా ఉండాలి. ఆ 26 వారాలు కొత్త దారి గురించి నలుగురిని అడిగి తెలుసుకోవడానికి సరిపోతాయి, నిర్ణయం ఆ తర్వాత తీసుకోవచ్చు. నేను అడగాల్సినవి అడగకుండానే బయటికొచ్చాను. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

ఒకేసారి దూకాలనుకునేవాళ్లకు వరంగల్ జిల్లా బిడ్డ అనిలా జ్యోతిరెడ్డి జీవితం గురించి చెబుతుంటాను. అందరూ ఆమె కథను రెండు చివర్లు పట్టుకుని చెబుతారు: రోజుకు అయిదు రూపాయల కూలి ఒక చివర, అమెరికాలో సాఫ్ట్‌వేర్ సంస్థ ఇంకో చివర. నేను మధ్య భాగం చదవమంటాను. పదహారేళ్లకు పెళ్లి, పద్దెనిమిదేళ్లకు ఇద్దరు కూతుళ్లు. పొలంలో కూలి పని. అక్కడి నుంచి రాత్రిబడిలో పెద్దవాళ్లకు అక్షరాలు నేర్పే పనికి, తర్వాత నెహ్రూ యువకేంద్రలో వలంటీరు పనికి. టైపు నేర్చుకున్నారు. రాత్రిళ్లు లంగాలు కుట్టారు. 1994లో అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం నుంచి డిగ్రీ, 1997లో కాకతీయ విశ్వవిద్యాలయం నుంచి పీజీ. నెలకు 398 రూపాయలకు స్పెషల్ టీచరుగానూ పనిచేశారు. బడికి రానూపోనూ రైల్లో గంటలు గడిచిపోతుంటే తోటి ప్రయాణికులకు చీరలు అమ్మారు. ఆ తర్వాతే, 2000లో, అమెరికా. అక్కడా చిన్నాచితకా పనులు చేశాకే ఫీనిక్స్‌లో సొంత సంస్థ పెట్టారు.

చూడండి, కూలి పని నుంచి నేరుగా సాఫ్ట్‌వేర్‌కు ఎవరూ వెళ్లలేదు. ప్రతి మెట్టూ తర్వాతి మెట్టుకు ఖర్చు పెట్టింది. సార్వత్రిక విశ్వవిద్యాలయంలో చదివారు కాబట్టి రోజూ తరగతికి వెళ్లకుండా పట్టా వచ్చింది. 1982లో ఆ విశ్వవిద్యాలయం పెట్టిందే ఇలాంటివాళ్ల కోసం. రైలు ప్రయాణం ఎలాగూ తప్పదు కాబట్టి దాన్నే దుకాణం చేసుకున్నారు. తన రోజులో ఉన్న ఖాళీ ఏదో ఆమెకు గంటతో సహా తెలుసు. అమెరికా వెళ్లినప్పుడు కూతుళ్లను ఇక్కడే వదిలి వెళ్లారు. ఆ ఖరీదు కూడా కథలో ఉంది. దాన్ని దాటేసి విజయం మాత్రమే చెప్పేవాళ్ల మాటలు వినకండి.

డబ్బు విషయం సూటిగా చెబుతాను. ఆరు నెలల ఇంటి ఖర్చు పక్కన లేకుండా ఉన్న జీతం వదలకండి. ఉద్యోగం గ్యారంటీ అంటూ ముందే డిపాజిట్ అడిగేవాళ్లకు రూపాయి ఇవ్వకండి. పచ్చళ్లో, కుట్టుపనో, టిఫిన్ బండో పెట్టాలంటే ముద్ర పథకం శిశు విభాగంలో 50 వేల వరకు బ్యాంకు అప్పు హామీ లేకుండా ఇస్తారు. అధిక వడ్డీకి ఎవరి కాళ్లో పట్టుకునే ముందు అక్కడ అడగండి.

ఇక ఇంట్లోవాళ్లు. ‘పిల్ల పెద్దయ్యాక చూద్దాంలే’ అనే మాట ప్రతి ఇంట్లో వినిపిస్తుంది. దాన్ని శత్రువు మాటగా తీసుకోకండి. మీరు అడిగేదానికి అంతూ పొంతూ కనపడక వాళ్లు భయపడుతున్నారు. 2017 జులైలో జీఎస్టీ వచ్చినప్పుడు వన్‌టౌన్ హోల్‌సేల్ దుకాణాలవాళ్లందరూ బిల్లులు పట్టుకుని పన్ను సలహాదారుల చుట్టూ తిరుగుతున్నారు. మా వీధి చివర ఉన్న సలహాదారు మనుషులు చాలక, పనివాళ్లు కావాలని బోర్డు పెట్టారు. నేను ఇంటికొచ్చి, ఉద్యోగం చేస్తానని అనలేదు.

‘‘అత్తయ్యా, ఆరు నెలలు, పొద్దున పది నుంచి ఒంటిగంట దాకా పాపను చూసుకుంటారా? ఆరు నెలలకు జీతం చేతికి రాకపోతే మానేస్తాను’’ అన్నాను.

ఆవిడ కాసేపు ఆలోచించి, ‘‘ఒంటిగంట అంటే ఒంటిగంటే. నాకు మూడింటికి భజన ఉంటుంది’’ అన్నారు.

ఆ ఆరు నెలలూ నేను ఒక్క రోజు ఆలస్యం చేయలేదు. ఏడో నెలలో రిటర్నుల గడువు తేదీల సంగతి చెప్పి, ఆ రోజుల్లో రోజంతా కావాలని అడిగితే ఆవిడే తలూపారు. సాయం అడిగేటప్పుడు గంటలు చెప్పండి, ముగిసే తేదీ చెప్పండి, చెప్పిన వేళకు తిరిగి రండి. మన పెద్దవాళ్లకు నమ్మకం అలానే కలుగుతుంది. అత్తమామలూ అమ్మానాన్నలూ దగ్గర లేనివాళ్లు పక్కింటి ఇంకో తల్లితో ఇదే ఒప్పందం చేసుకోవచ్చు: పొద్దున ఆమె ఇద్దరినీ చూస్తే, మధ్యాహ్నం మీరు.

పోయినేడు మా ఆఫీసు పక్క బట్టల దుకాణంలో పనిచేసే అమ్మాయి వచ్చింది. 21 ఏళ్లు, రెండేళ్ల బాబు. ఇంటర్ పాసైంది. నర్సింగ్ చేయాలనుందని చెప్పింది. జీఎన్‌ఎం మూడేళ్లు, ఇంటర్లో ఏ గ్రూపైనా సరే, మొత్తంలోనూ ఇంగ్లిష్‌లోనూ 40 శాతం మార్కులుండాలి. ఫీజు గురించి నేనేమీ మాట్లాడలేదు. తెల్లవారుజామున ఆసుపత్రి గేటు దగ్గర నిలబడి నైట్ డ్యూటీ దిగే నర్సులతో మాట్లాడి రమ్మన్నాను. వారం తర్వాత వచ్చింది.

‘‘నలుగురితో మాట్లాడాను అక్కా. ఒకామె నన్ను టీ కొట్టు దగ్గర కూర్చోబెట్టి గంటసేపు చెప్పింది. కాళ్లు వాస్తాయంట. పండగ రోజు డ్యూటీ పడుతుందంట. వాళ్ల పాప ఫోన్లో అమ్మకు గుడ్‌నైట్ చెప్పి పడుకుంటుందంట.’’

‘‘మరి?’’

‘‘అన్నీ తెలిసే చేరతాను. అమ్మ మూడేళ్లు మా దగ్గరే ఉంటానంది. నైట్ డ్యూటీ పడే వారాలు రాసివ్వమంది, నాన్నను ఊళ్లో ఒక్కడినే వదలాలి కదా’’ అంది.

సంచిలోంచి బాబు కొత్త పలక తీసి చూపించింది. వెనకవైపు సుద్దముక్కతో మూడు గీతలు గీసి ఉన్నాయి, ఏడాదికొకటి. మూడో గీత పక్కన ‘ఒకటో తరగతి’ అని రాసుకుంది.