ఐరోపా ప్రయాణం: ముందుగా రోజుల లెక్క

ఐరోపాను సొంతంగా చూసి రావాలనుకునే విద్యార్థులు ముందు విమానం టికెట్టు ధర చూస్తారు. నిజానికి ముందు చూడవలసింది రోజుల లెక్క.

షెంగెన్ ఒప్పందంలో 29 దేశాలున్నాయి. ఒక్క వీసాతో అన్నింటిలోనూ తిరగవచ్చు. మరి దరఖాస్తు ఏ దేశానికి చేయాలి? ఎక్కువ రోజులు ఉండే దేశానికి. ఉదాహరణకు, చెన్నై నుంచి పారిస్ చేరి ఫ్రాన్సులో 4 రోజులు, స్విట్జర్లాండులో 3, ఇటలీలో 5 రోజులు ఉంటే ఇటలీకి చేయాలి. మూడింటిలోనూ సమానంగా ఉంటే, మొదట అడుగుపెట్టే ఫ్రాన్సుకు చేయాలి.

బ్రిటన్, ఐర్లాండ్ ఇందులో లేవు. నడుమ లండన్ చూసి మళ్లీ పారిస్ రావాలంటే బ్రిటన్ వీసా వేరుగా కావాలి. షెంగెన్ వీసా కూడా కనీసం రెండు ప్రవేశాలకు చెల్లేదై ఉండాలి. లేకుంటే తిరిగి రానివ్వరు.

దరఖాస్తును ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి ఇవ్వవచ్చు. పరిశీలనకు 45 రోజుల వరకు పట్టవచ్చు. 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. వీసా రాకపోయినా రుసుము తిరిగి రాదు. కాబట్టి వీసా చేతికి రాకముందే, రద్దు చేస్తే డబ్బు రాని టికెట్లు కొనకండి.

ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులకు మించి ఉండరాదు. గడువు మీరితే రేపు పైచదువుకు అడిగే వీసాకు అది అడ్డు కావచ్చు.

1830లో చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామిగారు మజిలీల వారీగా దినచర్య రాశారు. మీరు బయలుదేరక ముందే తేదీ, ఊరు, బస, రైలు అని నాలుగు గడుల పట్టిక గీసుకోండి. ఒక ప్రతి ఇంట్లో అమ్మానాన్నలకు ఇవ్వండి.