తక్కువ మోటారు – ఎక్కువ పోటీ
(రేడియో కార్ల పందెములపై ఒక పరిశీలన)

యంత్రవిద్య చదివే విద్యార్థికి రేడియో కారు కేవలం ఆటబొమ్మ కాదు. మోటారు, బ్యాటరీ, గేర్లు, రేడియో అన్నీ ఒకేచోట చేతికి అందే చిన్న ప్రయోగశాల అది. జపానుకు చెందిన టామియా కంపెనీ 1976లో పోర్షే 934 నమూనాతో తన మొదటి రేడియో కారును విడుదల చేసింది. నేడు మన దేశంలో ఇంజనీరింగు కళాశాలల ఉత్సవాలలో ఇటువంటి పందెములు పరిపాటి అయినవి.

అయితే హద్దులేని పందెంలో ఒక చిక్కు ఉన్నది. ఒకరు శక్తిగల మోటారు తెస్తే, రెండవవారు అంతకు మించినది కొనవలసి వస్తుంది. మోటారు పెరిగితే బ్యాటరీ, కంట్రోలరు, గేర్లు, టైర్లు కూడా ఖరీదైనవే కావాలి. చివరకు పోటీలో మిగిలేది డబ్బున్న నలుగురే. దౌల్తాబాద్ వంటి మండలం నుండి వచ్చి చదువుకునే విద్యార్థికి ఎంత నేర్పున్నా, ప్రేక్షకులలో నిలబడి చప్పట్లు కొట్టడమే మిగులుతుంది.

దీనికి ఉపాయం మన పల్లెల్లోనే ఉన్నది. ఎడ్ల బండలాగుడు పోటీలలో పళ్ళను బట్టి విభాగాలు చేస్తారు. రెండు పళ్ళ గిత్తలను ముదురు ఎద్దులతో పోటీకి నిలబెట్టరు. రేడియో కార్లలో పళ్ళకు బదులు మోటారు తీగ చుట్లను లెక్కపెడతారు.

ఈ చుట్ల సంగతి కొంచెం వివరంగా చూద్దాం. ఈ కార్లలో వాడుక అయిన 540 సైజు మోటారు సుమారు 36 మిల్లీమీటర్ల వ్యాసం, 50 మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది. అంత చోటులోనే చుట్లు తగ్గించి లావు తీగ వాడితే నిరోధం తగ్గుతుంది, కరెంటు విపరీతంగా లాగుతుంది, వేగం పెరుగుతుంది. ఒకే వోల్టేజి వద్ద, మిగతావన్నీ సమానమైతే, చుట్లు సగమైతే వేగం దాదాపు రెట్టింపు. వేగం రెట్టింపయితే గతిశక్తి నాలుగు రెట్లు. అనగా గోడకు గుద్దుకున్నప్పుడు విరిగే భాగాల ఖర్చు కూడా ఆ లెక్కనే ఉంటుందన్న మాట! చుట్లు ఎక్కువైన మోటారు నిదానంగా నడుస్తుంది, తక్కువ వేడెక్కుతుంది, బ్యాటరీని పొదుపుగా వాడుతుంది.

అమెరికాలో 1967లో ఏర్పడిన ‘రోర్’ సంస్థ నియమాలలో 27 చుట్ల బ్రష్ మోటారు, టైమింగు 24 డిగ్రీల వద్ద బిగించి, ‘స్టాక్’ తరగతిగా చాలాకాలం నడిచింది. బ్రష్‌లెస్ మోటార్లు వచ్చాక 17.5 చుట్లది ఆ స్థానంలోకి వచ్చింది.

ఐతే చుట్లు కట్టడి చేసినంత మాత్రాన సరిపోదు. పది మోటార్లు కొని మంచిది ఏరుకునేవారు ఉంటారు. ఎలక్ట్రానిక్ కంట్రోలరులో టైమింగు పెంచి దొంగదారిన వేగం తెచ్చుకునేవారూ ఉంటారు. కనుక మన కళాశాలలో పందెం పెట్టదలిస్తే ఈ నాలుగు నియమాలు మేలు:

1. అందరికీ ఒకే రకం మామూలు బ్రష్ మోటారు. వాటిని నిర్వాహకులే కొని, పందెం రోజున చీటీలు తీసి పంచవలెను.
2. బ్యాటరీ రెండు సెల్లులకు, అనగా 7.4 వోల్టులకు మించరాదు.
3. టైర్లు, గేర్ల నిష్పత్తి అందరికీ ఒకటే.
4. కారు మొత్తం ఖర్చుకు ముందే ఒక పరిమితి ప్రకటించవలెను.

తక్కువ వేగమంటే చప్పని పందెమని కొందరి అభిప్రాయం. నిజానికి కార్లు సమానమైనప్పుడే మలుపు ఎక్కడ అందుకోవాలి, ఎప్పుడు వదలాలి అన్నది తేలుతుంది. బడి మైదానంలో సున్నంతో గీతలు గీసి, పాత టైర్లు అడ్డంపెట్టినా చాలు, పందెపు బాట సిద్ధం. శక్తిగల మోటార్ల పోటీ వద్దని కాదు, అది వేరొక విభాగంగా ఉండనీయండి. మొదటి మెట్టు మాత్రం అందరి కాలికీ అందేటట్లు ఉండాలి.

గెలుపు జేబును బట్టి కాక చేతిని, బుద్ధిని బట్టి తేలే పందెమే విద్యాలయానికి తగినది. విద్యార్థి సంఘం ఈ విషయం ఆలోచించగలదని ఆశిద్దాం.