చివరి తరగతికి చేరవలసిన మాట
(పాఠశాల లౌడ్‌స్పీకర్లకు తీగెల నెన్నుకొను విధము)

ప్రధానోపాధ్యాయుని గదిలో మైకు ముందు పలికిన మాట తరగతి గదులన్నింటను ఒక్కసారిగ వినిపించు ఏర్పాటు అనేక పాఠశాలలందు కలదు. ప్రార్థన, వార్తలు, పద్యపఠనము దాని ద్వారా సాగును. అన్యభాషల నడుమ పెరుగుచున్న మన బిడ్డలకు శుద్ధమైన తెలుగు ఉచ్చారణము చెవినిబడు తావులు కొద్ది. కావున ‘కల’కును ‘కళ’కును గల భేదము చివరి గదిలోని బాలునకును స్పష్టముగ వినవలెను. మాటలో అచ్చులకు బలమెక్కువ, హల్లులకు తక్కువ. ధ్వని క్షీణించినపుడు తరగతిలోని సందడిలో మొదట మునిగిపోవునవి హల్లులే. ఇట్టి పరికరములకు చందాలిచ్చు తల్లిదండ్రులు, కొనుటకు ముందు తీగెను గూర్చి కొంత తెలిసికొనుట మేలు.

తీగెలో జరుగు నష్టము

ప్రతి తీగెయు తన గుండ ప్రవహించు విద్యుత్తును కొంత అడ్డగించును. దీనికే నిరోధమని పేరు, కొలత ఓములు. తీగె పొడవైన కొలది నిరోధము హెచ్చును, లావైన కొలది తగ్గును. నిరోధమును ప్రవాహముచే గుణించిన, దారిలో పోవు వోల్టులు తేలును. ఇది జర్మనీ శాస్త్రజ్ఞుడు ఓమ్ 1827లో ప్రకటించిన సూత్రము.

1 చదరపు మిల్లీమీటరు లావు గల రాగి తీగెకు మీటరు ఒక్కింటికి నిరోధము సుమారు 0.0172 ఓములు. విద్యుత్తు పోవుట కొక తీగె, మరలి వచ్చుట కొక తీగె కావలెను గనుక, 100 మీటర్ల దూరమునకు 200 మీటర్ల తీగెను లెక్కింపవలెను. అపుడు నిరోధము 3.44 ఓములగును.

రెండు పద్ధతులు

ఇంటిలో రేడియోకు తగిలించునట్లు 8 ఓముల స్పీకరును నేరుగ ఈ తీగె చివర తగిలించినచో, తీగె లేనపుడు అందవలసిన శక్తిలో సగము కంటె తక్కువయే దానికి చేరును. 2.5 చదరపు మిల్లీమీటర్ల లావు తీగె వేసినను నూటికి 73 పాళ్లు మాత్రమే అందును. ఒకే గదికి, దగ్గర దూరమునకు ఈ పద్ధతి చాలును. పెద్ద భవనమునకు తగదు.

రెండవది 100 వోల్టుల పద్ధతి. ఇందు ఆంప్లిఫయరు ధ్వనిని హెచ్చు వోల్టులతో, స్వల్ప ప్రవాహముతో పంపును. ప్రతి స్పీకరు వద్దను ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మరు ఆ వోల్టులను తగ్గించి యిచ్చును. మాచ్‌ఖండ్ విద్యుత్తును దూరప్రాంతములకు హెచ్చు వోల్టులతో పంపుటకు కారణమేదో, ఇచటను అదియే కారణము.

ఒక లెక్క చూతము. ఎనిమిది గదులకు ఒక్కొక్కటి 6 వాట్ల వంతున 48 వాట్లు. ప్రవాహము 0.48 ఆంపియరు. స్పీకర్లన్నియు 100 మీటర్ల చివరనే యున్నవనుకొన్నను, పై తీగెలో పోవునది సుమారు 1.65 వోల్టులు మాత్రమే. శక్తిలో నష్టము నూటికి మూడు పాళ్లు. ఈ నష్టము నూటికి పదింటికి లోబడియున్న చాలును. కావున ఈ పద్ధతిలో మిక్కిలి లావు తీగెకై ధనము వెచ్చింప పనిలేదు. ఆ ధనమును తీగె నాణ్యమునకు వినియోగించుట యుక్తము.

కొనునపుడు గమనింపవలసినవి

1. తీగె అచ్చమైన రాగిదై యుండవలెను. అల్యూమినియముపై రాగి పూత వేసిన తీగెలు చవుకగ దొరకును. కాని అదే లావునకు వాని నిరోధము రాగికి ఇంచుమించు ఒకటిన్నర రెట్లు. కొననుకోసి చూచిన లోపలి తెల్లని లోహము బయటపడును.

2. స్పీకర్ల వాట్ల మొత్తము ఆంప్లిఫయరు శక్తిని మించరాదు. 48 వాట్లకు 60 వాట్ల ఆంప్లిఫయరు ఉచితము. రేపు మరియొక గది చేరినను ఇబ్బంది యుండదు.

3. జంట తీగెలు రెండు రంగులలో నుండవలెను. ఒకే రంగు తీగెను అన్ని స్పీకర్లకును ఒకే వైపున బిగింపవలెను. అట్లుగాక ఒకే గదిలోని రెండు స్పీకర్లు ఎదురుబొదురుగ పనిచేసిన ధ్వని పలుచనగును.

4. ఆరుబయట పోవు తీగెకు ఎండవానల కోర్చు నల్లని తొడుగు కావలెను. అతుకులు గోడలలో దాచక, తెరచి చూడదగిన పెట్టెలలో నుంచవలెను.

5. మైకు తీగెను ఈ తీగెకు దూరముగ నుంచవలెను. దీపముల తీగెలున్న గొట్టములో ఈ తీగెను దూర్చరాదు. 100 వోల్టులు తాకదగినవి కావు. ఆంప్లిఫయరు ఆపిన పిమ్మట, పని తెలిసిన ఎలక్ట్రీషియను చేతనే బిగింపజేయవలెను.

పరీక్ష

పని ముగిసినదని చెప్పినంతనే సొమ్ము చెల్లింపరాదు. బడి జరుగుచున్న వేళ ఒక విద్యార్థిచే మైకు ముందు ఇరువది మాటలు చదివింపుడు: కల, కళ, కాలు, గాలి, తల, దళము, చలి, జాలి మున్నగునవి. చివరి గదిలోని పిల్లలచే వానిని ఉక్తలేఖనము వ్రాయింపుడు. గంట మ్రోగుచున్నను, ప్రక్క గదిలో పాఠము సాగుచున్నను వారు తప్పులేక వ్రాసినచో, తీగెయు స్పీకర్లును తమ పని చేయుచున్నవని నిశ్చయింపవచ్చును.