45 వేలు ఎక్కడ పెట్టాలి?

అక్కా, మాది ఐరాల. ఎమ్మెస్సీ మ్యాథ్స్, బీఈడీ చేశాను. కాణిపాకం దారిలో ఒక ప్రైవేటు స్కూల్లో నెలకు 9 వేలకు చెబుతున్నాను. 2025 మెగా డీఎస్సీలో స్కూల్ అసిస్టెంట్ పోస్టు రెండు మార్కుల్లో పోయింది. మా పాపకు నాలుగేళ్లు. అది నిద్రపోయాక రాత్రి పది దాటితేగానీ పుస్తకం పట్టలేను, అప్పటికి కళ్లు మూతలు పడుతుంటాయి.

ఇప్పుడు ఒకాయన నా ఒక్కదానికే ఆన్‌లైన్‌లో కోచింగ్ ఇస్తానంటున్నాడు. ఆరు నెలలకు 45 వేలు, మొత్తం ముందే కట్టాలి. వారానికి రెండు వీడియో కాల్స్, టైంటేబుల్ ఆయనే వేస్తాడట, పోస్టు గ్యారంటీ అట. చీటీ పాడి కట్టేద్దామని మా ఆయన అంటున్నారు. 2025లో తోతాపురి రేటు పడిపోయినప్పుడు చేసిన అప్పే ఇంకా తీరలేదు. మా అత్త 'చదివిండేది చాల్దా, ఇంకా దుడ్లు పోసేదెందుకు' అంటోంది. కట్టమంటారా, వద్దంటారా?
- ఒక చెల్లెలు, ఐరాల

చెల్లీ, ఆయనకు కట్టొద్దు. అట్లని మీ అత్తమ్మ మాటే సరైందని అనను. నీ చదువు మీద డబ్బు పెట్టాల్సిందే, కాకపోతే వేరేచోట.

మన తప్పు మనకు కనబడనప్పుడు ఒక్కరికే చెప్పే కోచింగ్ అక్కరకొస్తుంది. గ్రూప్-1 మెయిన్స్‌కు వ్యాసాలు రాసేవాళ్లకు, ఆ కాగితం చదివి 'ఇక్కడ తేలిపోయావు' అని చెప్పే మనిషి కావాలి. అక్కడ ఫీజుకు న్యాయం జరగొచ్చు. డీఎస్సీలో వ్యాసాల్లేవు, ఇంటర్వ్యూ లేదు. నీ రెస్పాన్స్ షీటు దాచుకుని ఉంటే ఫైనల్ కీ పక్కన పెట్టి చూడు, ఏది ఎక్కడ పోయిందో అదే చెబుతుంది. పేపరు 80 మార్కులకు, అందులో 40 కంటెంట్‌వే, 20 మెథడాలజీవి. నీ మార్కులు లెక్కల్లో పోయాయా, జీకేలో పోయాయా? ఆ సంగతి నీ జాబులో లేదు. ముందు అది తేల్చుకో.

ఈ పేపరు కాక మిగిలిన 20 మార్కులు టెట్ నుంచి వస్తాయి కదా. టెట్ 150 మార్కులకు. అంటే అక్కడ ఏడున్నర పెరిగితే ఇక్కడ ఒకటి పెరుగుతుంది. నీకు తగ్గిన రెండు మార్కులూ టెట్‌లో 15 మార్కులతో సమానం. టెట్ మళ్లీ రాసి స్కోరు పెంచుకోవచ్చు. లెక్కల వాళ్లు చాలామంది ఆ పేపర్లో సైన్సును పట్టించుకోరు. నీ టెట్ మార్కులు తీసి చూడు, అందులో పదిహేను దొరికే చోటు ఉందేమో.

ఇక నాకు అన్నిటికంటే బాధ కలిగించింది 'రాత్రి పది దాటితేగానీ' అన్న మాట. ఆయన ఎంత బాగా చెప్పినా, పగలంతా పిల్లలకు చెప్పి వచ్చిన నీకు చదువుకునే గంటలు తెచ్చివ్వలేడు. వారానికి రెండు కాల్స్ ఉన్న కాస్త సమయాన్నీ తినేస్తాయి. నీకు కొరత పడింది మార్గదర్శి కాదు, వెలుతురున్న గంటలు. వాటిని డబ్బుతో కొనుక్కోవచ్చు. మీ స్కూల్లో మధ్యాహ్నం దాకానే వస్తానని అడుగు. జీతం సగమిస్తే నెలకు నాలుగున్నర వేలు తగ్గుతుంది. ఆ 45 వేలు పది నెలల లోటుకు సరిపోతాయి. పైగా ఒక్కసారిగా మొత్తం అక్కర్లేదు కాబట్టి, చీటీ ఇప్పుడే పాడి పాటలో కొంత పోగొట్టుకోనక్కర్లేదు. నెలనెలా ఆ లోటు సర్దుకోగలరా లేదా అన్నది నువ్వూ మీ ఆయనా కూర్చుని లెక్క వేసుకోండి. స్కూలు ఒప్పుకోకపోతే ఉద్యోగం ఇప్పుడే మానొద్దు, వచ్చే ఏడాదికి సగం పూట ఇచ్చే స్కూలు వెతుకు.

ఆరు నెలల ప్యాకేజీ అన్న మాటే నాకు నచ్చలేదు. 2018 తర్వాత డీఎస్సీ కోసం జనం ఎంతకాలం ఎదురుచూశారో నీకు తెలుసు. 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులకు వచ్చిన నోటిఫికేషన్ రద్దయింది. 16,347 పోస్టుల మెగా డీఎస్సీ 2025 ఏప్రిల్ 20న వచ్చింది, పరీక్షలు జూన్ 6 నుంచే మొదలయ్యాయి. వచ్చే నోటిఫికేషన్‌కు ముందే నీ ఆరు నెలలు అయిపోతే మళ్లీ 45 వేలు కడతావా?

గ్యారంటీ మాటకొస్తే, సెలక్షన్ గ్యారంటీ అని ప్రకటించుకోకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2024 నవంబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. అవి 50 మందికి పైగా విద్యార్థులున్న కోచింగ్ సెంటర్లకు. ఇంట్లో కూర్చుని ఫోన్లో చెప్పే మనిషి ఆ లెక్కలోకి రాకపోవచ్చు, అందుకే మరీ జాగ్రత్త. ఎవరికి కట్టినా రసీదు తీసుకో, మధ్యలో మానేస్తే ఎంత వెనక్కిస్తారో రాయించుకో. మోసం జరిగితే 1915కు ఫోన్ చేయొచ్చు.

రెస్పాన్స్ షీటు చూశాక, ఏదో ఒక చాప్టర్ దగ్గరే ఆగిపోతున్నావని తేలితే, చిత్తూరులోనో తిరుపతిలోనో ఆ సబ్జెక్టు చెప్పే లెక్చరర్ని పట్టుకుని ఆ చాప్టర్ వరకే ఫీజు మాట్లాడుకో. మీరు బీసీ, ఎస్సీ, ఎస్టీల్లో ఉంటే ఉచిత డీఎస్సీ శిక్షణ ఎప్పుడుందో చిత్తూరులో సంక్షేమ శాఖ ఆఫీసులో కనుక్కో.

మీ అత్తమ్మను డబ్బు మాట అడగొద్దు. సాయంత్రం రెండు గంటలు పాపను చూసుకోమని అడుగు. దుడ్లు పోవని తెలిస్తే ఆమె కాదనకపోవచ్చు.