ఆటస్థలంలో న్యాయనిర్ణేత

గోదావరి పాయల నడుమ కొబ్బరితోటల నీడలో ఒదిగి ఉన్న కోనసీమకు ఈ శతాబ్దంలో బ్యాడ్మింటన్ కొత్త కీర్తిని తెచ్చింది. 2000వ సంవత్సరంలో అమలాపురంలో జన్మించిన రంకిరెడ్డి సాత్విక్ సాయిరాజ్, వ్యాయామోపాధ్యాయుడైన తండ్రి ప్రోత్సాహంతో చిన్ననాడే రాకెట్ చేతబట్టాడు. 2014లో హైదరాబాదులోని పుల్లెల గోపీచంద్ అకాడమీలో చేరాడు. చిరాగ్ శెట్టితో జతకట్టి 2023లో ఆసియా ఛాంపియన్‌షిప్‌నూ, హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో స్వర్ణపతకాన్నీ గెలుచుకొన్నాడు. ఆ అక్టోబరులోనే ఈ జంట ప్రపంచ ర్యాంకింగులలో ప్రథమస్థానాన్ని అందుకొంది.

తమ ఊరి బాలుడొకడు అంతటివాడైనప్పుడు చుట్టుపక్కల తల్లిదండ్రులలో ఆశలు చిగురించడం సహజం. ఆశ తప్పు కాదు. కాని అది పదకొండేళ్ల పిల్లవాని భుజాలపై బరువైనప్పుడు, ఓటమి నాడు పెద్దల ఆగ్రహానికి మొదట గురయ్యేవాడు తరచుగా అంపైరే.

పిల్లలు తమంత తాము ఆడుకొనే వీధి క్రికెట్‌ను గమనిస్తే ఒక చిత్రమైన విషయం కనిపిస్తుంది. అక్కడ అంపైరు సాధారణంగా బ్యాటింగ్ జట్టువాడే. ‘అవుటు’, ‘కాదు’ అని కాసేపు వాదులాట సాగుతుంది. చివరకు ఆ బంతిని మళ్లీ వేయడానికి ఇరుపక్షాలూ ఒప్పుకొంటాయి. పొద్దుగుంకే దాకా ఆట నడుస్తుంది. గట్టు మీద పెద్దలు చేరి కేకలు మొదలుపెట్టిన చోట ఈ సర్దుబాటు సాగదు. స్థానిక పోటీలలో అంపైరుగా నిలబడేవాడు చాలాసార్లు ఒక వ్యాయామోపాధ్యాయుడో, ఆట మానిన పూర్వ క్రీడాకారుడో, కళాశాల విద్యార్థియో అయి ఉంటాడు. సెలవు దినాన్ని వదులుకొని వచ్చినవానికి నలుగురిలో అవమానం జరిగితే మరుసటి ఏడు అతడు రాడు. తీర్పు చెప్పేవారు లేనిచోట పోటీలే జరగవు. అంతకన్న పెద్ద నష్టం మరొకటి ఉంది. ‘నిన్ను అంపైరు ఓడించాడు’ అన్న మాట విన్న పిల్లవాడు తన బ్యాక్‌హ్యాండ్‌లోని లోపాన్ని వెదకడం మానేస్తాడు.

అంపైరు నుండి ఏమి ఆశించవచ్చు? నిష్పాక్షికతను ఆశించవచ్చు, నియమజ్ఞానాన్ని ఆశించవచ్చు. ఎన్నడూ పొరపడని కంటిని మాత్రం ఆశించరాదు. 2023లో సాత్విక్ కొట్టిన ఒక స్మాష్ గంటకు 565 కిలోమీటర్ల వేగంతో గిన్నిస్ రికార్డుకెక్కింది. అది పోటీలో గాక ప్రత్యేకంగా జరిపిన పరీక్షలో నమోదైన వేగం. పోటీలలోనైనా గీత మీద పడే షటిల్‌ను చూడడానికి లైన్ జడ్జికి దొరికేది రెప్పపాటు కాలమే. ప్రేక్షకుల బల్లపై, వాలుగా, కన్నప్రేమతో చూసే తండ్రికి అది మరింత స్పష్టంగా కనబడిందనడం ఎంతవరకు నమ్మదగినది?

తీర్పుతో ఏకీభవించనివారు నోరు మూసుకొని ఉండాలని బ్యాడ్మింటన్ నియమావళి చెప్పదు. అభ్యంతరాన్ని తరువాతి సర్వీసుకు ముందే అంపైరుకు తెలపాలంటుంది. షటిల్ లోపల పడిందా, బయట పడిందా అన్న విషయంలో దానిని చూడవలసిన అధికారి మాటే తుదిమాట. లైన్ జడ్జి పొరబడ్డాడని నిస్సందేహంగా తోచినప్పుడు అంపైరు ఆ నిర్ణయాన్ని మార్చవచ్చు. నియమాన్నే తప్పుగా అన్వయించారని భావిస్తే విషయాన్ని రిఫరీ వరకు తీసుకొనిపోవచ్చు. ఈ దారిని విడిచి దుష్ప్రవర్తనకు దిగితే పసుపు కార్డుతో హెచ్చరిక, ఎరుపు కార్డుతో పాయింటు నష్టం కలుగుతాయి. నల్ల కార్డు చూపితే పోటీ నుండే బహిష్కరణ. కార్డుల సంగతి పిల్లలలో చాలామందికి తెలుసు. అభ్యంతరం తెలిపే పద్ధతి తెలిసినవారు తక్కువ. శిక్షకులు ముందుగా నేర్పవలసింది ఆ రెండవదానినే.

తీర్పు నిజంగానే తప్పయితే? 2022 ఏప్రిల్‌లో మనీలాలో జరిగిన ఆసియా ఛాంపియన్‌షిప్ సెమీఫైనల్‌లో పి.వి. సింధు జపాన్ క్రీడాకారిణి అకానె యమగుచిపై తొలి గేమును 21–13తో గెలిచి, రెండవ గేములో 14–11తో ముందంజలో ఉంది. సర్వీసు చేయడంలో జాప్యం చేసిందంటూ అంపైరు ఒక పాయింటు ప్రత్యర్థికి ఇచ్చాడు. ప్రత్యర్థి సిద్ధంగా లేదని సింధు వాదించినా ఫలితం లేకపోయింది. తరువాతి రెండు గేములను 19–21, 16–21తో కోల్పోయి కన్నీటితో కాంస్యపతకం అందుకొంది. ఆమె ఫిర్యాదు చేసింది. ఆ జులైలో ఆసియా బ్యాడ్మింటన్ సమాఖ్య సాంకేతిక సంఘం అధ్యక్షుడు పొరపాటును అంగీకరించి క్షమాపణ లేఖ పంపాడు. ఫలితాన్ని సరిదిద్దే అవకాశం లేదని అందులోనే చెప్పాడు. ఆ లేఖ ఆలస్యంగా వచ్చిందన్నది నిజం. పోయిన పతకాన్ని అది తెచ్చి ఇవ్వలేదు. ఆగస్టులో ఆమె బర్మింగ్‌హామ్ కామన్‌వెల్త్ క్రీడలలో స్వర్ణం గెలిచింది.

అనుమానాలను తొలగించే ఏర్పాట్లు కూడా ఇటువంటి ఫిర్యాదుల నుండే పుట్టాయి. స్వదేశపు అంపైర్లు పక్షపాతం చూపుతారన్న ఆరోపణలు క్రికెట్‌లో చిరకాలం వినవచ్చాయి. 1986లో లాహోరులో పాకిస్తాన్, వెస్టిండీస్ జట్ల మధ్య జరిగిన టెస్టుకు హైదరాబాదుకు చెందిన వి.కె. రామస్వామి, పిలూ రిపోర్టర్‌తో కలిసి తటస్థ అంపైరుగా వ్యవహరించారు. బ్యాడ్మింటన్‌లో సర్వీసు నడుముకు దిగువన ఉండాలన్న పాత నియమం ఒక్కొక్క ఆటగాడి ఎత్తునుబట్టి వివాదాస్పదమయ్యేది. 2018లో దానికి మారుగా అందరికీ 1.15 మీటర్ల ఎత్తును ప్రయోగాత్మకంగా ప్రవేశపెట్టారు. పొడగరులు సణిగినా, సర్వీస్ జడ్జికి కొలత దొరికింది.

గ్రామీణ పోటీలలో ఇన్ని ఏర్పాట్లు ఉండవు. అయినా ఖర్చులేని పని ఒకటి ఉంది: సాధనవేళల్లో విద్యార్థులనే వంతులవారీగా లైన్ జడ్జులుగా కూర్చోబెట్టడం. ప్రాణస్నేహితుడు 20–20 వద్ద కొట్టిన షటిల్ గీతకు వేలెడు దూరంలో బయట పడుతుంది. కుర్చీలో కూర్చున్న పన్నెండేళ్ల బాలుడు ఒక్క క్షణం తటపటాయిస్తాడు. స్నేహితుని ముఖం వైపు చూడకుండా, రెండు చేతులూ చాచి, ‘అవుట్’ అంటాడు.